పేరు కింద ఖాళీ

రెబ్కా వంటింట్లో సగ్గుబియ్యం డబ్బాలో చక్కెర ఉంటుంది. లవంగాల డబ్బాలో టీపొడి ఉంటుంది. డబ్బాల మీద పేర్లు రాసింది ఆమె భర్త సిలాసు. నీలం రంగు, తెల్ల అంచు. ఆయన ఒక వరసలో రాసుకుంటూ పోయాడు, ఆమె తన వీలును బట్టి పోసుకుంటూ వచ్చింది. ఆ విషయం మీద ఇద్దరూ ఇరవై ఏళ్ళు వాదించుకున్నారు. సిలాసు ఫిబ్రవరిలో పోయాడు. ఇప్పుడు అక్టోబరు ఆఖరు.

ఆ శనివారం పొద్దున రెబ్కా టీ వడపోస్తోంది. కూతురు పెర్సిస్ ఆస్పత్రిలో నైట్ డ్యూటీ ముగించుకొని అప్పుడే ఢిల్లీ మునిర్కాలోని ఇంటికి వచ్చింది. కొడుకు లెవి గుర్‌గావ్ ఆఫీసుకు సెలవు పెట్టి, తల దువ్వుకొని, షర్టు టక్ చేసుకొని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మమ్మీ, రాయి రెడీ అయింది."

"ఏం రాయి?"

"డాడీ సమాధికి. గ్రానైట్. నీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నా."

రెబ్కా గిన్నె దించింది. "సమాధికి సర్‌ప్రైజేంట్రా?"

పెర్సిస్ నవ్వింది. "వీడంతే మమ్మీ. నాక్కూడా చెప్పలేదు."

"చెబితే నువ్వు నాలుగు సలహాలిస్తావు అక్కా. అందరం వెళ్దాం. శుక్రవారం సమాధుల పండగ కదా, ఆలోగా పెట్టించాలి."

"నువ్వు రాయించావా, ఏం రాయాలో?" అని అడిగింది రెబ్కా.

"అంతా రాయించా. ఏదీ వదల్లేదు."

నరసాపురం దగ్గర పల్లెలో పుట్టిన సిలాసు భార్య ఉద్యోగం వెంట ఢిల్లీ వచ్చాడు. రెబ్కాకు నర్సుగా ఇక్కడ పోస్టింగు వస్తే ఆయన ఒక ట్రంకు పెట్టె, మూడు కుంచెలు పట్టుకొని రైలెక్కాడు. బోర్డులు రాయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నప్పుడు రైల్వే స్టేషన్ల పేర్లను వేలితో గాలిలో దిద్దేవాడట. ఢిల్లీలో బస్సుల మీది హిందీ అక్షరాలను అలాగే దిద్దాడు. హిందీ రాయడం ముందు వచ్చింది, చదవడం తరవాత. మునిర్కాలో మంగలి షాపుకు బోర్డు రాస్తే, దానికి బదులు ఇంటిల్లిపాదికీ ఏడాదిపాటు జుట్టు కత్తిరించేలా ఒప్పందం. ఏడాది తిరిగేసరికి ఆ బోర్డు వెలిసింది. మళ్ళీ రాశాడు. మళ్ళీ ఏడాది.

రెబ్కా నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజుల్లో తలుపుకు ఒక అట్ట తగిలించేవాడు: "అమ్మ నిద్రపోతోంది". కింద అదే మాట హిందీలో, ఇంటి ఓనరు పిల్లల కోసం. పిల్లలకు జడలు వేయడం, టిఫిన్ కట్టడం, మధ్యాహ్నం కూర వండడం ఆయన పని. సాయంత్రం నిచ్చెన భుజాన వేసుకొని బయల్దేరేవాడు. ఫ్లెక్సులు వచ్చాక షాపుల పని పోయింది. ఏటా సమాధుల పండగ ముందు మాత్రం ఆయన కుంచె ఆగలేదు. తెలుగు సంఘంలో పోయిన వాళ్ళ సమాధుల మీద పేర్లు ఆయనే రాసేవాడు. వానలకు వెలిసిన వాటిని మళ్ళీ దిద్దేవాడు.

ఆయన సమాధి మీద మాత్రం ఎనిమిది నెలలుగా పేరు లేదు. రాసేవాడే లోపల ఉన్నాడు.

రాళ్ళ కొట్టు యజమాని గుడ్డతో గ్రానైటును తుడిచాడు. "దేఖియే మాతాజీ. సౌ సాల్ తక్ కుఛ్ నహీ హోగా." వందేళ్ళ దాకా దానికేమీ కాదట.

నల్లరాయి మీద ఇంగ్లీషు అక్షరాలు. యంత్రంతో చెక్కి బంగారు రంగు నింపారు. సిలాసు పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ప్రియమైన భర్త, తండ్రి, బైబిలు వాక్యం, ఊరు, జిల్లా, అన్నిటికీ కింద కొడుకు పేరు, కూతురి పేరు. పై అంచు నుంచి కింది అంచు దాకా.

రెబ్కా కళ్ళజోడు పెట్టుకొని మొత్తం చదివింది. ఆఖరి వరస కింద అరచెయ్యి పెట్టి చూసింది. రెండు వేళ్ళు పట్టే చోటుంది.

"నా పేరెక్కడ రాస్తావు?"

లెవికి అర్థం కాలేదు. "ఏంటి మమ్మీ?"

"ఆ స్థలం ఇద్దరికని తీసుకున్నాం. రేపు నేను పోతే నా పేరెక్కడ?"

"ఇప్పుడవేం మాటలు? డాడీ పోయి ఏడాది కూడా కాలేదు. అప్పుడే నీ పేరు గురించి ఆలోచించాలా నేను?"

"మీ డాడీ ఆలోచించేవాడు. స్టీవ్ మాష్టారు పోయినప్పుడు పలక మీద సగమే రాశాడు. కిందంతా ఖాళీ. వాళ్ళావిడ ఎల్సా ఆంటీ ఆ ఖాళీ చూసి ఏమందో తెలుసా? 'నా చోటు ఉంచాడమ్మా మీ ఆయన' అంది. భార్యో భర్తో మిగిలుంటే ఆయన ఎప్పుడూ అలాగే రాసేవాడు. ఇందులో మీ ఇద్దరూ ఉన్నారు, ఊరుంది, జిల్లా ఉంది. నేనే లేను."

"అయితే అందరి ముందూ ఇలా అంటావా?" లెవి గొంతు పెరిగింది. కొట్టు యజమాని గుడ్డ పట్టుకొని పక్కకు వెళ్ళాడు. "డాడీ ముప్పై ఏళ్ళు రాశాడు మమ్మీ. మునిర్కాలో ఆయన బోర్డు ఒక్కటి చూపించు. నేను వెతికా. గల్లీ గల్లీ తిరిగా. ఒక్కటి లేదు. అన్నీ చెరిగిపోయాయి. ఆయన పేరైనా చెరిగిపోకూడదని రాతి మీద చెక్కించా. అది తప్పా?"

"లెవీ, మెల్లగా," అంది పెర్సిస్.

కొడుకు గల్లీలన్నీ తిరిగాడని రెబ్కాకు ఇప్పుడే తెలిసింది.

"తప్పు కాదు నాన్నా," అంది. "చెరిగిపోతాయని ఆయనకు తెలీదా? చెరుగుతాయనే కదరా ఏటేటా వెళ్ళేవాడు. పోయినవాళ్ళ పిల్లలకు ఫోన్ చేసి 'పేరు దిద్దుతున్నా, వచ్చి నీళ్ళందించండి' అనేవాడు. వాళ్ళు వచ్చేవాళ్ళు. దీన్ని దిద్దక్కర్లేదు. ఇక ఎవరొస్తారు?"

లెవి రాయి చుట్టూ తిరిగాడు. వెనకవైపు నునుపు పట్టలేదు. గరుకుగా, ఖాళీగా ఉంది. అక్కడ చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"భయ్యా, ఇసే ఐసే హీ భేజ్ దో. లేకిన్ ఉల్టా లగేగా."

"ఉల్టా?" అన్నాడు కొట్టు యజమాని.

"అటు తిప్పి పెడదాం మమ్మీ. ఈ వైపు రంగుతో రాయిద్దాం. కానీ ఎవరు రాస్తారు?"

"నువ్వే."

"నాకేం వచ్చు? నాకెవరు నేర్పారు?"

"ఆయనకు మాత్రం ఎవరు నేర్పారు?" అంది రెబ్కా.

శుక్రవారం పొద్దున సమాధుల తోటలో జనం సున్నాలు వేస్తున్నారు, పూలు సర్దుతున్నారు. పెర్సిస్ సంచిలోంచి సగ్గుబియ్యం డబ్బా, లవంగాల డబ్బా తీసి రాయి ముందు పెట్టింది. సిలాసు చేతి రాత వెలవకుండా మిగిలింది ఆ డబ్బాల మీదే. 'స' ఒకదాని మీద ఉంది, 'ల' ఇంకోదాని మీద.

"చక్కెర కూడా మోసుకొచ్చావా?" అన్నాడు లెవి.

"పోసిపెట్టడానికి ఖాళీ డబ్బా ఏది? అన్నిట్లోనూ ఏదో ఒకటి ఉందిగా."

అక్కా తమ్ముళ్ళు సుద్ద రాసిన దారాన్ని చెరో చివరా పట్టుకొని రాయికి ఆనించారు. రెబ్కా దారాన్ని మధ్యలో పట్టి లాగి వదిలింది. రాతి మీద తెల్లటి గీత పడింది. సిలాసు పనిలో ఆమె చెయ్యి పెట్టడం అదే మొదలు.

లెవి డబ్బాను చూస్తూ కుంచె కదిపాడు. 'సి' బాగానే వచ్చింది. 'లా' గీత కిందికి జారింది. 'సు' తోక రంగు కారి పొడుగైంది. గుడ్డను కిరసనాయిలులో ముంచి చెరపబోతుంటే రెబ్కా అతని మణికట్టు పట్టుకుంది.

"ఉంచు. వచ్చే ఏడు సరిచేద్దువుగాని."

పేరు కింద అరచెయ్యి పెట్టి కొలిచింది. చెయ్యి పట్టింది, ఇంకో చెయ్యి కూడా పట్టింది. "చాలు," అంది. పెర్సిస్ మొహం అటు తిప్పుకుంది.

లెవి కుంచె దించలేదు. ఆ ఖాళీనే చూస్తున్నాడు.

"నీ పేరు బాగా రాయాలంటే నాకింకా చాలా ఏళ్ళ ప్రాక్టీసు కావాలి మమ్మీ," అన్నాడు. ముంజేత్తో కళ్ళు తుడుచుకుంటే చెంపకు రంగంటింది. "నువ్వేం తొందరపడకు."

రెబ్కా సగ్గుబియ్యం డబ్బా అందుకొని, దాని మీద పడ్డ రంగు చుక్కను కొంగుతో తుడిచింది. ఆ కొంగుతోనే కొడుకు మొహం తుడిచింది.