గుటకలేసే గోడ

ఆ కన్యస్త్రీల మఠం చర్చిలో పొద్దుగూకాక అడ్డగోడ దగ్గర నిలబడే మొనగాడు లేడంటారు. ముందు కంపు కొడుతుందట — ముక్కిన నెయ్యిలో ఎలక చచ్చినట్టు. ఆ తర్వాత గోడ లోపల ఎవరో గుటక వేస్తారట...

అడ్డగోడ అంటే చర్చిని రెండుగా చీల్చే గోడ. ఇవతల జనం, ఇనప జాలీకి అవతల సిస్టర్లు. వెనకటి సిస్టర్లు మఠంలో అడుగుపెట్టాక బయటి మనిషి కంటపడకూడదు మరి. ఆ గోడ నిండా బైబిలు కథ పాత బొమ్మ ఒకటి. సమాధిలోంచి లేచి వస్తున్న తమ్ముడు, ఎదురుగా ఇద్దరు అక్కలు. ఒక అక్కకి ముఖం లేదు. నల్లటి జిడ్డు మింగేసింది.

ఆ జిడ్డు వదిలించడానికే వచ్చింది దూదమ్మ. పాత బొమ్మలు బాగుచేయడం ఆవిడ పని. ఎప్పుడు చూసినా చేతిలో దూది చుట్టిన పుల్ల ఉంటుంది, అందుకని ఆ పేరు. రేపు పొద్దున్నే చర్చి మరమ్మతులు చూసే ఇంజనీరు వస్తాడు. నలుపు కింద నిండు ముఖం కనబడకపోతే గోడకి సున్నమే అన్నాడు. "ముఖం ఉంది, నాదీ పూచీ" అని నలుగుర్లో అనేసింది ఆవిడ. తన మాట పోతే పోయింది, మూడొందలేళ్ల ముఖం సున్నం పాలవుతుందే అని ఆవిడ బాధ.

ఈ పనిలో ఒక రోత ఉంది, చెప్పక తప్పదు. పాత రంగులకి అన్ని మందులూ పడవు. ఉమ్మే మందు! పుల్లని నోట్లో పెట్టి తడపడం, బొమ్మని తుడవడం, పుల్ల పారేసి ఇంకోటి తీయడం. ఛీ అనుకుంటే అనుకోండి, ఆ పనివాళ్లకి అది మామూలే.

"చీకటి పడిందమ్మా, వచ్చేయ్," అన్నాడు తాళాలు చూసే తాత, ముక్కుకి తువ్వాలు అడ్డంపెట్టుకుని. "అది ఊరికే గుటకలెయ్యదు..."

"నువ్వెళ్లు తాతా. దెయ్యమొస్తే దానికీ ఓ పుల్లిచ్చి కూర్చోబెడతా."

తాత వెళ్లిపోయాడు. దీపం వెలుగులో తుడుస్తుంటే బొమ్మలో ముందు చెయ్యి బయటపడింది. తర్వాత చూస్తే — ఆ అక్క ముసుగు అంచుతో ముక్కు మూసుకుని ఉంది! కుళ్లిన తమ్ముడు లేచొస్తుంటే ఇంకేం చేస్తుంది పాపం. దూదమ్మకి నవ్వొచ్చింది. ఒక కన్ను తేలింది. రెండోది బొమ్మలో సమాధి నోటి పక్కనే ఉండాలి. అక్కడ జిడ్డు మరీ మందం.

అప్పుడు వినబడింది.

గుటుక్...

సమాధి నోట్లోంచే! దీపం దగ్గరగా పెట్టి చూస్తే — అది నల్లరంగు కాదు, నిజం కన్నం. లోపల్నుంచి కంపు గుప్పుమంది. ఆ కంగారులో, తుడిచిన పుల్లనే మళ్లీ నోట్లో పెట్టేసుకుంది.

థూ! జిడ్డు నాలుక్కి అతుక్కుపోయింది. ఎంత ఉమ్మినా వదలదే!

"అమ్మాయ్..."

జాలీ వెనక తెల్లగా ఏదో కదిలింది. దూదమ్మ అదిరిపడి దీపం అటు తిప్పింది.

"నేనే, పెద్ద సిస్టర్ని. భయపడకు. అది గుటక కాదు... కింద గదిలో ఊటనీళ్లు తూములోకి దిగుతాయి."

"కింద గదేంటి సిస్టర్?"

ముసలావిడ గొంతు ఇంకా తగ్గించింది. "వెనకటి రోజుల్లో మా మఠం అక్కలు పోతే వెంటనే పూడ్చేవారు కాదు. కింద రాతికుర్చీల్లో కూర్చోబెట్టేవారు. కుర్చీలకి కన్నాలు... కారేదంతా కారి, ఎముకలు మిగిలేదాకా. ఆ తూము అందుకే. ఆవిరి పోవాలిగా, ఈ కన్నం అందుకు."

దూదమ్మ పుల్ల కొస వైపు చూసింది. "మరి ఈ నలుపు... దీపాల మసి కదూ?"

"ఆ గోడకి ఎప్పుడూ దీపం పెట్టలేదు తల్లీ."

బకెట్ మీద వంగి పేగులు నోట్లోకొచ్చేలా కక్కింది దూదమ్మ. పుక్కిలించింది, మళ్లీ పుక్కిలించింది. కొత్త పుల్ల తీస్తే నోరు పిడచకట్టుకుపోయింది, చుక్క తడి లేదు. పుల్ల దగ్గరికి తెస్తేనే డోకు వస్తోంది.

"నావల్ల కాదు సిస్టర్, అసహ్యమేస్తోంది," అని ఏడ్చేసింది. "ఒక్క కన్నే మిగిలింది... సగం ముఖానికి ఆ ఇంజనీరు ఒప్పుకోడు."

జాలీ పక్కన, సిస్టర్లు దివ్యప్రసాదం అందుకునే చిన్న కిటికీ కిర్రుమంది. ముడతల చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

"కొత్త పుల్లలు ఇటియ్యి. నేను తడిపి ఇస్తా, నువ్వు తుడువు."

"మీకు... రోతగా లేదూ?"

పెద్ద సిస్టర్ కట్టుడుపళ్లు ఊడదీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

"మావాళ్ల జిడ్డేగా," అంది బోసినోటితో. "మా ఉమ్మితోనే పోనీ."