జెండా ఎటు ఎగరాలి

"ముందు ఆ తడిగుడ్డని నా దిండుకి దూరంగా పెట్టండి," అంది గుండుసూది.

ఆమెకు ఆ పేరు పెట్టింది వీధిలోవాళ్ళు. రోజంతా గుండుసూదులతోనే పని, మాట కూడా వాటిలాగే వాడి. వాన తట్టుకోలేక ఆమె లేసు గదిలోకి దూరిన మనిషి పక్క సందులో తెరచాపలు కుట్టేవాడు. భుజం మీద మోపెడు చాప, దాని అంచు నుంచి నీళ్ళు. అతను సారీ చెప్పి, చాపను గుమ్మం దగ్గర దించాడు. అంతటితో ఊరుకోక ఆమె పని మీదికి తొంగిచూశాడు.

గుండ్రటి దిండు మీద డిజైన్ అట్ట, అట్ట నిండా సూదులు, సూదుల మధ్య తెల్లదారంతో సగం అల్లిన ఓడ. దారాల చివర్లకు వేలాడుతూ చిన్న చిన్న చెక్క బాబిన్లు.

"ఓడ చాలా బాగుందండీ. జెండా ఒక్కటే తప్పు."

ఆమె చేతులు ఆగిపోయాయి. అది తన అమ్మమ్మ గీసిన డిజైన్ అనీ, ఊళ్ళో సగం ఇళ్ళ గోడల మీద ఉందనీ, ఇన్నేళ్ళుగా ఎవరికీ కనబడని తప్పు అతనొక్కడికే కనబడడం వింతగా ఉందనీ వడ్డించింది.

"గాలి వెనకనుంచి తోస్తేనే కదా చాప ముందుకు ఉబ్బేది," అన్నాడతను తొణక్కుండా. "అదే గాలికి జెండా కూడా ముందుకే ఎగరాలి. మీ జెండా వెనక్కి ఎగురుతోంది."

ఆమెకు ఒళ్ళు మండింది. మండదా మరి? లేసు బడిలో అమ్మమ్మ ఖాళీ చేసిన టీచరు కుర్చీకి వచ్చే వారమే పరీక్ష. ఈ ఓడనే అక్కడ చూపించాలి. దిండు అందుకునేంత ఎత్తు ఎదిగినప్పటినుంచీ ఆ కుర్చీ మీదే ఆమె కన్ను.

ఆమె దిండు మీంచి ఒక పాత బాబిన్ లాగి అతని ముక్కు ముందు పెట్టింది. దాని మీద గోరంత ఓడ చెక్కి ఉంది. "మా తాతయ్య బతుకంతా ఓడల మీదే పనిచేశాడు. పెళ్ళికి ముందు అమ్మమ్మకి ఇది చెక్కిచ్చాడు. చూసి మాట్లాడండి."

అతను చూశాడు. బాబిన్‌ను ఆమెవైపు తిప్పాడు.

తాతయ్య ఓడ మీద జెండా, చాప ఉబ్బిన వైపే ఎగురుతోంది.

అతను నవ్వి ఉంటే పోట్లాడేది. నవ్వలేదు. వాన తగ్గిందని చెప్పి, చాప అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అమ్మమ్మ బాబిన్ మీద బొటనవేలు పెట్టి ఆ చిన్న జెండాను తడిమింది. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నా డిజైన్ చూసి బ్రహ్మాండం అన్నాడే మీ తాత. ఆ తర్వాతే ఇది తెచ్చిచ్చాడు. నేను నొచ్చుకుంటానని చెప్పలేక చెక్కాడన్నమాట. నేనేమో రోజూ చేత్తో పట్టుకుని కూడా చూసుకోలేదు. నోరు తెరిచి ఒక్క మాట అంటే అప్పుడే దిద్దుకునేదాన్ని కదా." తర్వాత అడిగింది. "ఇంతకీ నీకు చెప్పిందెవరు?"

"చాపలు కుట్టే అతను. తలబిరుసు మనిషి."

"అయితేనేం, నోరుంది."

చిక్కేమిటంటే, ఆ అల్లిక జెండాతోనే మొదలవుతుంది. జెండా మార్చాలంటే ఓడంతా విప్పాలి. పరీక్ష పెట్టేవాళ్ళు ఓడలెక్కారా ఏమన్నానా, అలాగే ఇచ్చెయ్యమని అమ్మ మొత్తుకుంది. "నాకు తెలిసిపోయింది కదమ్మా," అంది గుండుసూది. మర్నాడు పొద్దున్నే ఒక్కొక్క సూదీ పీకి ఓడంతా విప్పేసింది.

చాప కోసం వచ్చిన అతను ఖాళీ దిండు చూసి నీరుగారిపోయాడు. తను నోరు మూసుకుని ఉండాల్సింది అన్నాడు.

"చెప్పేశాక బాధపడకండి. కూర్చుని దారం చుట్టండి."

ఆ రోజునుంచీ పని అవగానే వచ్చి చుట్టేవాడు. మోకులాంటి దారాలకు అలవాటుపడ్డ వేళ్ళు. సన్నదారం తెగినప్పుడల్లా చీవాట్లు తినేవాడు, తిని మళ్ళీ చుట్టేవాడు. అతను రావడం ఆలస్యమైతే తన చూపు గుమ్మం మీదికి పోతోందని ఆమెకు తెలిసింది. తెలిసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

పరీక్షలో, పేరున్న డిజైన్‌ను ఎందుకు మార్చావని అడిగారు. గాలి సంగతి చెప్పి, తాతయ్య బాబిన్ చూపించింది. కుర్చీ ఆమెదయింది.

ఆ కబురు విని అతను మళ్ళీ వానలోనే వచ్చాడు. ఈసారి చాప లేదు, గుప్పిట్లో ఒక కొత్త బాబిన్. దాని మీద ఏదో చెక్కి ఉంది. ఆమె వెలుతురులో తిప్పి చూసింది.

"బాతా?"

"ఓడండీ," అన్నాడు చిన్నబోయి. "మీ తాతయ్యలా చెక్కి చెప్పడం నాకు రాదు. అందుకని నోటితోనే చెప్పేస్తున్నా. మీరంటే నాకు చాలా ఇష్టం. మీకిష్టమైతే పెళ్ళి చేసుకుందాం."

లోపలి గదిలో అమ్మమ్మ దగ్గు ఠక్కున ఆగిపోయింది.

గుండుసూది ఆ బాబిన్‌కు దారం చుడుతూ తల వంచుకుంది.

"బాబిన్లు జతగా ఉంటేనే లేసు వస్తుంది. దీని జత ఏది?"

అతను జేబులు తడుముకున్నాడు. "ఒకటే చేశాను. రేపు చేసి తెస్తా."

"రేపు వద్దు," అంటూ ఆమె తన పక్కకు ఒక స్టూలు లాగింది. "ఇక్కడే కూర్చుని చెయ్యి. జెండా ఎటు చెక్కుతావో నేను చూడాలి."