అమ్మకానికి కారణం

శనివారం ఉదయం ఏడింటికి రైమో మిల్లు నుంచి ఇంటికొచ్చి, బూట్లు విప్పుకోవడానికి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. ఒక బూటు విప్పాడు. రెండోది విప్పాలనుకుంటూనే కళ్లు మూతలు పడ్డాయి. కాగితం మిల్లులో ఇరవై ఆరేళ్లుగా షిఫ్టులు చేస్తున్న మనిషికి అలసట కొత్తేమీ కాదు. కానీ ఈ ఏడాది ఆకులు రాలే కాలం మొదలైనప్పటి నుంచి ఆ అలసట నిద్రతో పోవడం మానేసి, ఒంట్లోనే కాపురం పెట్టింది.

"అక్కడే పడుకుంటావా, లోపలికొచ్చి కాఫీ తాగుతావా?" వంటింట్లోంచి భార్య పిర్కో అడిగింది.

"వస్తున్నా."

"వస్తున్నా అని పావుగంటైంది."

అతను వెళ్లి బల్ల దగ్గర కూలబడ్డాడు. బల్ల మీద కూతురు వెర్నా నోటుపుస్తకం తెరిచే ఉంది. పదిహేడేళ్ల ఆ పిల్ల ఇంకా నిద్ర లేవలేదు. వాళ్ల క్లాసులో అర్థశాస్త్రం టీచరు ఒక్కొక్కరికీ పదివేల యూరోలు ఇచ్చింది. అంతా ఉత్తుత్తి డబ్బే. దాంతో నచ్చిన కంపెనీల షేర్లు కొన్నట్టు రాసుకోవాలి, ప్రతి శుక్రవారం వాటి ధర చూసి ఎక్కించాలి, కొన్నా అమ్మినా కారణం రాయాలి. సెప్టెంబరులో వెర్నా అన్నిటికంటే ముందు కొన్నది తన మిల్లు కంపెనీ షేర్లేనని రైమో పనిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. మామూలుగా మాటల్లో మహా పొదుపరి, ఆ ఒక్క వారం మాత్రం చేయి విప్పేశాడు.

రొట్టె మీద వెన్న రాసుకుంటూ ఆ పేజీ వైపు చూశాడు. కంపెనీ పేరు మీద అడ్డగీత. పక్కన అక్టోబరు తేదీ వేసి, పొందికైన అక్షరాలతో రాసి ఉంది. "అన్నీ అమ్మేశాను. కారణం: నాన్న."

"ఇది చూశావా?" పుస్తకాన్ని భార్య వైపు తోశాడు. "నా మూలాన అమ్మేసిందట."

"పిల్లల ఆట అది. వెళ్లి పడుకో."

పడుకున్నాడు గానీ నిద్ర పట్టలేదు. మిల్లును తను రోజూ తిడతాడు. ఇంకొకరు తిడితే మాత్రం ఒప్పుకోడు. అతని తండ్రి పనిచేసింది కూడా అక్కడే. కన్నకూతురే నాన్న వల్ల ఆ కంపెనీ పనికిరాదని రాసి టీచరుకి చూపించిందంటే తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం ముగ్గురూ సాసేజి సూపు ముందు కూర్చున్నారు.

"ఏమ్మా, పెద్ద వ్యాపారస్తురాలివైపోయావే," అన్నాడు రైమో.

వెర్నా తలెత్తింది. "నా పుస్తకం చదివావా?"

"రొట్టె పక్కన పరిచి పెడితే చదవరా? మొన్న గురువారం ఎంత పెరిగిందో తెలుసా? ఒక్క రోజులో తొమ్మిది శాతం. ఉంచుకుని ఉంటే క్లాసులో నువ్వే ఫస్టు."

"తెలుసు. ఇప్పుడు నేనే ఆఖరు. అందరూ నవ్వారు కూడా."

"నాన్నని అమ్ముకుంటే నవ్వరా మరి."

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. స్పూను కింద పెట్టేసింది.

"ఎందుకు పెరిగిందో నీకు తెలీదా నాన్నా? ధర బాగా మారితే ఆ రోజు కంపెనీ ప్రకటన చదివి రాయాలి, అది మా హోంవర్కు. గురువారం పొద్దున నూట ఎనభై మందిని తీసేస్తామన్నారు, మధ్యాహ్నానికి ధర పెరిగింది. నాలుగో పేజీలో మన ఊరి పేరుంది. మీరు పోతున్నారనే అది పెరిగింది."

పిర్కో గరిటె పక్కన పెట్టింది. "రేడియోలో విని నేనడిగితే మన మిల్లు అందులో లేదన్నావు."

రైమో రొట్టె ముక్క తుంచి సూపులో ముంచాడు.

"రైమో, నిన్నే."

"నోరు పెగల్లేదు," అన్నాడు చివరికి. "యాభై దాటిన వాళ్లకి ఉత్తరాలిచ్చారు. మనంతట మనమే మానేస్తే ఏడాది జీతం ఇస్తారట. శుక్రవారం లోపు చెప్పాలి."

"ఏం చెబుదామనుకున్నావు?"

"ఉండిపోతానని. వెళ్లిపోతే ఇంక నేనేంటి పిర్కో? నాకు వేరే పని రాదు." తర్వాత కూతురి వైపు తిరిగాడు. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. "కంపెనీ సంగతి సరే. నువ్వు అక్టోబరులోనే అమ్మావు. అప్పుడీ ప్రకటన లేదు. నేనెలా కారణమయ్యాను?"

వెర్నా పుస్తకం తెచ్చి పేజీ తిప్పింది. "ఇది కారణం కాదు, అంకెలు చూపించు" అని టీచరు ఎర్రసిరాతో రాసింది. ఆ కింద వరుసగా ఐదు శుక్రవారాలు. ప్రతి శుక్రవారం షేరు ధర పక్కనే ఇంకో గడి ఉంది.

"నాన్న నిద్ర నాలుగు గంటలు. అదనపు షిఫ్టులు రెండు." "నిద్ర మూడున్నర. స్పూను చేతిలో ఉండగానే నిద్రపోయాడు." "అమ్మ పుట్టినరోజు మర్చిపోయాడు. ఎప్పుడూ మర్చిపోడు." "భోజనం దగ్గర మాట్లాడిన మాటలు ఏడు."

అన్నిటి కింద ఇలా రాసి ఉంది. "ముగ్గురి పని ఒక్కరితో చేయిస్తున్న కంపెనీ ఎక్కువ కాలం నిలబడదనుకుంటున్నాను. నా అంచనా తప్పు కావచ్చు. కానీ మా నాన్న అరిగిపోతున్నాడు. దాని మీద ఉత్తుత్తి డబ్బు పెట్టడానికి కూడా నాకు మనసు రావడం లేదు."

రైమో ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాడు.

"ఏడు మాటలేనా?" అన్నాడు.

"అందులో రెండు 'ఉప్పు ఇటివ్వు'."

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే మొహం ముడుచుకుపోయి కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇంట్లో ఎవరూ చూడటం లేదనుకుని ఇన్ని వారాలు ఈడ్చుకొచ్చాడు. ఈ పిల్లేమో క్లాసులో ఆఖరు స్థానానికి పడిపోతూ కూడా తన నిద్ర లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

"తిట్టుకున్నాను నిన్ను, పొద్దుట్నుంచీ," అన్నాడు.

"వినిపించింది. మంచం కిర్రుకిర్రుమంటూనే ఉంది."

పిర్కో కుర్చీ జరుపుకుని అతని పక్కకొచ్చి కూర్చుంది. "మిల్లు లేకపోతే నువ్వేంటని అడిగావుగా. నాకూ తెలీదు. వచ్చే ఏడాది చూసుకుందాం. శుక్రవారం ఏం చెబుతావో అది చెప్పు ముందు."

రైమో మొహం తుడుచుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో భార్యతో గానీ, పనిలో తోటివాళ్లతో గానీ, ఆఖరికి చావుబతుకుల్లో ఉన్న తండ్రి ఎలా ఉన్నావని అడిగినప్పుడు గానీ అనని మాట ఒకటి అతని దగ్గరుంది.

"నేను అలసిపోయాను," అన్నాడు. "వెళ్లిపోతానని చెబుతాను."

వెర్నా లేచి వచ్చి, చిన్నప్పుడు చేసినట్టు తండ్రి వీపుకి చెంప ఆనించి నిలబడింది. అలా ఎంతసేపు నిలబడిందో అతనికి తెలీదు. కూర్చున్నచోటే నిద్రపోయాడు.