తప్పుల్లేని సాయంత్రం

సాయంత్రం ఆరున్నర. గాలి లేదు. మంచు అప్పుడే కొల్లేటి మీదికి దిగుతోంది.

కిందటేడు ప్రభుత్వం గండ్లు కొట్టించిన చేపల చెరువు గట్టు మీద ఒక కాపలా పాక మిగిలింది. అందులో బల్ల మీద వెలుగు పంపే మిషను పెట్టుకుని మెహర్ కూర్చుంది. తల్లి నఫీసా గుమ్మంలో దోమల్ని తోలుకుంటోంది. కుళ్లిన గుర్రపుడెక్క వాసన, పాత చేపల మేత వాసన కలిసి ముక్కుకు పట్టేస్తున్నాయి. దోనె నడిపే సూరమ్మ కింద నీళ్ల దగ్గర చుట్ట కాలుస్తోంది.

మెహర్‌ది పరిశోధన. ఎంత గొప్ప కంప్యూటరు పుట్టుకొచ్చినా విప్పలేని రహస్యపు తాళాన్ని వెలుగుతో తయారు చెయ్యాలని. ఇక్కణ్నించి ఒక్కొక్క వెలుగు రేణువునే నీళ్ల మీదుగా పంపుతుంది. అవతల లంకలో, బడి మేడ మీద, తోటి విద్యార్థి ఫణీంద్ర తన పెట్టెతో పట్టుకుంటాడు. చీకటి పడితేనే కుదిరే పని.

"మధ్యలో ఎవరన్నా దాన్ని పట్టుకుని, చూసి, మళ్లీ అలాంటిదే పంపారనుకో అమ్మీ, తప్పులు పడతాయి. ఆ తప్పులే దొంగని పట్టిస్తాయి," అని మొదటిరోజే తల్లికి చెప్పింది.

అందుకని రోజూ కొన్ని అంకెలు వాకీటాకీలో పైకి చదువుకుని సరిచూసుకుంటారు. దొంగ లేకపోయినా నూటికి మూడో నాలుగో తప్పులుంటాయి. మంచు, పురుగులు, ఊళ్లో దీపాలు... ఏదో ఒకటి.

ఆడపిల్ల చీకట్లో కొల్లేటి మీదికేమిటని నఫీసా భర్త అబ్దుల్ హమీద్ ససేమిరా అన్నాడు. నఫీసాయే ఒప్పించింది. ఫణీంద్ర ఉన్నాడు కదండీ అంది. నాలుగు నెలలుగా తన చేతి అన్నం తింటున్న పిల్లాడు. అవతల నా దీపం కనిపిస్తున్నంతసేపూ మీకేం భయం లేదాంటీ అని మాటిచ్చాడు.

అవతల దీపం కనిపిస్తోంది.

వాకీటాకీ గరగరమంది. ఫణీంద్ర గొంతు చదవడం మొదలెట్టింది. సున్నా. ఒకటి. ఒకటి. మెహర్ తెర మీద వేలు పెట్టి చూసుకుంటోంది.

"ఇవాళ కళ్లజోడు తుడుచుకున్నట్టున్నావు బాబూ. ఒక్కటీ తప్పలేదు," అంది మెహర్ వాకీటాకీలో.

ఒక మాటంటే రెండు అంటించే వాడు. ఇప్పుడు మాత్రం అంకెలు చదువుతూనే ఉన్నాడు.

వంద దాటాయి. ఒక్క తప్పూ లేదు. మెహర్ మొహంలో నవ్వు పోయింది.

"ఇలా రాదమ్మీ..."

మిషను ఆపింది. గొంతు ఆగలేదు. ఇంకో పది అంకెలు చదివింది. మెహర్ మళ్లీ మీట నొక్కింది. మిషను తనంతట తాను ఎంచుకునే అంకెలు తెర మీద పడ్డాయి.

పంపకముందే, ఇందాక గొంతు చదివినవే.

అప్పుడే నఫీసా సెల్లు మోగింది. ఎత్తితే రైలు చప్పుడు.

"ఆంటీ... ఫణీంద్రనండీ. గూడెంలో రైలెక్కేశాను. ఏలూరులో అయితే అంకుల్ చూస్తారని..."

ఇన్నాళ్ల ఫలితాలూ తన ఒక్కడి పేరు మీదే పరిశోధన పత్రికకి పంపేశాడట. పెట్టె తనతోనే ఉందట. మధ్యాహ్నమే బడికి తాళం వేసి వచ్చేశాడట. మెహర్‌కి మీరే చెప్పండి అన్నాడు.

"మమ్మల్ని నీళ్ల మధ్య వదిలేసి వెళ్లావా నాయనా?"

లైను తెగిపోయింది.

నఫీసా కూతురికి రెండు ముక్కల్లో చెప్పింది. ఇద్దరూ అవతలి ఒడ్డు వైపు చూశారు. దీపం వెలుగుతూనే ఉంది. వాకీటాకీలో ఫణీంద్ర గొంతు చదువుతూనే ఉంది. సున్నా... ఒకటి... ఆ గొంతు మెల్లగా సన్నబడింది. ఆడగొంతయింది.

మెహర్ గొంతు.

మెహర్ పెదవులు కదల్లేదు.

"దోనెక్కు అమ్మీ. మిషను ఆపి వస్తా," అని అప్పుడు మెహర్ గుసగుసగా అంది.

నఫీసా ఎక్కింది. పాకలో దీపం ఆరింది. ఏదో నీళ్లలోకి జారిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు... చాలాసేపు. గట్టు మీద అడుగులు. నఫీసా చీకట్లోకి చెయ్యి చాచింది. అందిన చెయ్యి చల్లగా ఉంది.

దారంతా మెహర్ నోరు విప్పలేదు. నమ్మినవాడు ముంచాడు, ఏం మాట్లాడుతుంది పాపం అనుకుంది నఫీసా. వాడికి కొసరి కొసరి వడ్డించిన చెయ్యి తనది. సూరమ్మ మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. మళ్లీ తిరగలేదు. ఒడ్డు చేరగానే గబగబా తన ఇంట్లోకి వెళ్లి గడియ పెట్టుకుంది. తల్లీకూతుళ్లు ఆటో ఎక్కారు.

ఏలూరులో ఇంటి తలుపు అబ్దుల్ హమీద్ తీశాడు. వీధిలో కరెంటు లేదు. గుమ్మంలో నఫీసా ఒక్కతే కనిపించినట్టుంది ఆయనకి.

"ఇంతాలస్యమేం? పిల్ల నీకంటే ముందే వచ్చేసింది. కాళ్లంతా బురద. అమ్మీ నన్ను వదిలేసి వెళ్లిపోయిందంటుంది. ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకుంది."

లోపలి గదిలోంచి ఎక్కిళ్లు వినిపించాయి. నఫీసా తన పక్కన నిలబడ్డ మెహర్ వైపు తిరగలేదు. నిజంగా ఇల్లు చేరినవాళ్లని లెక్కపెడుతూ వేళ్లు మడిచింది.

ఆయన ఇంట్లోనే ఉన్నాడు. తను వచ్చింది. సూరమ్మ గడియ పెట్టుకోవడం కళ్లారా చూసింది. ముగ్గురు.

మెహర్ కోసం నాలుగో వేలు మడవబోయి ఆగింది.

ఆ వేలిని, చీకట్లో, చల్లటి చెయ్యి మెల్లగా మడిచింది.