చప్పుడు లేని బస్సు

పొద్దున్నే ఇస్త్రీ యూనిఫామ్ వేసుకుని టీ గ్లాసు ముందు కూర్చున్నాడు డ్రైవరు. టీ ఎప్పుడో చల్లారింది. ఇరవై ఎనిమిదేళ్లు డీజిల్ బస్సు నడిపిన మనిషి, తన రూటులోనే ప్రయాణికులతో పెట్టే కరెంటు బస్సు పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఇవాళ ఆఖరిసారి. ఇదీ తప్పితే స్టీరింగు వదిలేసి డిపోలో బస్సులు కడుక్కోవాల్సిందే.

"తాగండి, అదేం కరవదు," అంది భార్య. "పెళ్లినాడు కూడా ఇంత బిగుసుకుపోలేదు మీరు!"

కొత్త బస్సులకు డ్రైవర్లను తయారుచేసే ఆఫీసులో పెత్తనమంతా కూతురిదే. బ్యాగు తగిలించుకుని వస్తూనే అందుకుంది.

"నాన్నా, రెండుసార్లూ ఒకటే తప్పు. ఆసుపత్రి స్టాపులో హారన్. కొట్టకూడదని అంత బోర్డుంది కదా!"

"ఉంది."

"మరెందుకు కొట్టావు?"

"కొట్టాలి కాబట్టి."

"పొగ లేకుండా, మోత లేకుండా ఊరు హాయిగా ఉంటుందని మేం తలలు బద్దలు కొట్టుకుని తెచ్చాం ఈ బస్సుల్ని. నీకేమో ఆ పాత డబ్బా మీదే ప్రాణం! ఆఫీసులో నా తల ఎక్కడ పెట్టుకోను?"

డ్రైవరు గ్లాసు ఠపీమని పెట్టాడు. "పొగ పోతే నాకు చేదా? దగ్గు తగ్గింది, నడుంనొప్పి తగ్గింది. బండి బంగారం! కానీ ఆపరేటరు సంగతేంటి?"

"ఏ ఆపరేటరు?"

"ఆసుపత్రిలో ఫోన్లు చూసే ఆయనే," అంది తల్లి. "పాపం, చూపు లేదు. రాత్రి డ్యూటీ దిగి నాన్న బస్సులోనే ఇంటికెళ్తాడు. స్టాపులో ఈయన యాక్సిలరేటరు రెండుసార్లు గుర్రుమనిపిస్తే, తన బస్సని లేచొస్తాడు."

"దీన్నెంత తొక్కినా కిక్కురుమనదే!" అన్నాడు డ్రైవరు. "ట్రైనింగులో కొత్తబండి తీసిన మొదటిరోజు ఆయన ముందే ఆపాను. బస్సు రాలేదనుకుని కూర్చున్నాడు. టైమైపోతోందని నేనూ కదిలిపోయాను. అద్దంలో చూస్తే ఇంకా అక్కడే కూర్చునున్నాడమ్మా."

"నాకు చెప్పచ్చుగా నాన్నా!"

"సిగ్గేసింది. వదిలేసొచ్చింది నేనే కదా."

కూతురు ఆఫీసుకు వెళ్లకుండా నేరుగా ఆసుపత్రి స్టాపుకు వెళ్లింది. చేతికర్ర ఆనించుకుని కూర్చున్న ఆపరేటరు పక్కనే కూర్చుని కళ్లు మూసుకుంది. ఎవరో చెప్పులీడ్చుకుంటూ వెళ్లారు. ఎక్కడో గేటు కిర్రుమంది.

కాసేపటికి ఆయనే అడిగాడు. "బస్సొచ్చిందా అమ్మా?"

"ఇంకా లేదండీ," అంటూ కళ్లు తెరిచింది.

మూరెడు దూరంలో బస్సు తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. సీట్లోంచి తండ్రి ఆమెనే చూస్తున్నాడు. పక్కనే పరీక్షాధికారి. తండ్రి చెయ్యి అప్పటికే హారన్ మీద ఉంది.

ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. ఈ బస్సుల కోసం ఆఫీసులో తాము గీసిన బొమ్మల్లో స్టాపులో నిలబడ్డ ప్రతి మనిషికీ కళ్లున్నాయి. ఆపరేటరు చెయ్యి పట్టుకుని ఎక్కించి, తండ్రికి తల ఊపింది. ఆయన హారన్ మీంచి చెయ్యి తీశాడు. పరీక్ష గట్టెక్కింది.

ఆ సాయంత్రమే ఆమె డిపోకు వెళ్లి, మూలన పెట్టిన పాత బస్సెక్కమంది తండ్రిని. "నీ పద్ధతిలో తొక్కు నాన్నా, రికార్డు చేసుకుంటాను."

నెల తిరిగేసరికి కొత్త బస్సులకు బయటివైపు చిన్న స్పీకరు అమిరింది. ఆసుపత్రి స్టాపులో బస్సు మెల్లగా ఆగి, గొంతు తగ్గించుకుని రెండుసార్లు గుర్రుమంది.

ఆపరేటరు నవ్వుతూ లేచాడు. "ఏమయ్యా, ఇన్నాళ్లూ సెలవులో ఉన్నావా?"