కోడలి పగటి నిద్ర

నర్సు రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి పొద్దున ఎనిమిదిన్నర దాటింది. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. హాల్లో టీవీ మోగుతోంది. ఒక జడ వేసుకున్న కూతురు, రెండో జడకి రిబ్బను పట్టుకుని తల్లి కోసం కాచుకుని ఉంది.

“పదకొండింటికి పాప బళ్లో మీటింగు, గుర్తుందా?” అన్నాడు భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

“ఇవాళ నువ్వు వెళ్లవూ?”

“నాకు ఆఫీసుంది. నువ్వెలాగూ ఇంట్లోనే కదా.”

“రాత్రంతా ఇంట్లో ఉండదు, పగలంతా మంచం దిగదు,” అంది అత్తగారు మిక్సీ ఆపకుండానే. “ఈ ఇంటికి ఇల్లాలెవరో నాకైతే తెలీడం లేదు.”

నర్సు పొయ్యి మీద పాలు పెట్టి వాటికేసి చూస్తూ నిలబడింది. పాలు పొంగాయి. మంట ఆరి గ్యాసు వాసన గుప్పుమంది. అయినా ఆమె కదల్లేదు. భర్త పరుగున వచ్చి పొయ్యి కట్టేశాడు.

“ధ్యాస ఎక్కడుంది నీకు? ఇంత చేతకాకపోతే ఆ ఉద్యోగం మానెయ్.”

ఆమె గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది.

“ఇవాళ తెల్లారుజామున ఒకాయనకి వెయ్యాల్సిన ఇంజెక్షను పక్క మంచమాయనకి వెయ్యబోయాను,” అంది. “తోటి నర్సు నా చెయ్యి పట్టుకుంది. లేకపోతే ఆయన ఉండేవాడు కాదు.”

అత్తగారు మిక్సీ కట్టేసింది.

“నాలుగు నెలలైంది నేను నిద్రపోయి. కళ్లు మూస్తే వార్డులో మెషీన్ల చప్పుడే. బస్సులో ఊరికే ఏడుపొస్తుంది. నేను పడుకున్నాననుకుంటారు మీరు. గోడవైపు తిరిగి ఉంటాను, అంతే.”

“నాకెందుకు చెప్పలేదు?” భర్త గొంతు మారిపోయింది.

“మానెయ్ అంటావని. నాకు ఆ పనంటే ఇష్టం.”

హాల్లో ఉన్న మామగారు పేపరు మడిచి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. రైలింజను నడిపి రిటైరైన మనిషి. అవసరమైతే తప్ప నోరు విప్పడు.

“ఇరవయ్యేళ్లు రాత్రిళ్లు బండి నడిపాను,” అన్నాడు. “పగలు ఒళ్లెరగకుండా నిద్రపోయేవాణ్ణి. అది నా గొప్పే అనుకున్నాను.” భార్య వైపు చూశాడు. “కిటికీలకి దుప్పట్లు కట్టేదానివి కదూ?”

“మీ నిద్ర చెడుతుందని వీణ్ణి చంకనేసుకుని ఎండలో తిరిగేదాన్ని,” అంది ఆవిడ కొడుకుని చూపిస్తూ. ఆ మాట అంటూనే ఆమె ముఖం పాలిపోయింది. “ఈ కోడలు పిల్ల పడుకుంటే మాత్రం ఇల్లు దద్దరిల్లేలా గిన్నెలు పడేశాను.”

భర్త ఆఫీసుకి ఫోను చేసి సెలవు చెప్పాడు. కూతురికి రెండో జడ వంకరగా అల్లి తనే బడికి తీసుకెళ్లాడు. అత్తగారు కోడల్ని మనసు డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది.

“నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో, అత్తయ్యా.”

“కాలు విరిగితే కట్టు కట్టించుకోమూ? ఇదీ అంతే. పద.”

డాక్టరు మందులిచ్చింది, వారానికోసారి వచ్చి మాట్లాడమంది. ఇంజెక్షను సంగతి నర్సే వెళ్లి హెడ్‌నర్సుకి చెప్పింది. ఆవిడ తిట్టలేదు. “చెప్పావు, అది చాలు,” అని మూడు నెలలు పగటి డ్యూటీ వేసింది.

వెంటనే అంతా సర్దుకోలేదు. కొన్నాళ్లు కలత నిద్రలే పట్టాయి. మూడో వారం ఒక సెలవు రోజున, మధ్యాహ్నం పన్నెండింటికి ఆమె చెదిరిన జుట్టుతో గది నుంచి బయటికి వచ్చింది.

“అత్తయ్యా, ఆకలేస్తోంది.”

ఆ మాట ఆమె నోట విని ఎన్నాళ్లయిందో. అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుని, కంచం తీసుకురావడానికి లేచింది.