గాజు మేడలో పిడికెడు మన్ను

మిట్టమధ్యాహ్నం...!

వైశాఖ అమావాస్య... రోహిణి కార్తె... రోళ్లు పగిలే ఎండ! దయ్యాలకు అర్ధరాత్రి ఎంతో మిట్టమధ్యాహ్నమూ అంతేనని పాతకాలం వాళ్లు ఊరికే అనలేదు. ఆ వేళకు మనిషి నీడ కాళ్ల కిందికి వచ్చి నక్కుతుంది. సొంత నీడే తోడు రాని వేళ ఇంకెవరు తోడొస్తారు...?

మాదాపూర్‌లో ఆకాశాన్ని తాకే గాజు మేడల నడుమ, ఒక ఆర్ట్ గ్యాలరీ గుమ్మం మీద పట్టపగలు గుడ్లగూబ కూర్చుని ఉంది! లోపలికి వెళ్లేవాళ్లు అది కూడా బొమ్మేననుకుని ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆటో దిగిన కిష్టమ్మ మాత్రం నిలువునా ఆగిపోయింది. ఆ పిట్ట మెల్లగా మెడ తిప్పి, తెల్లని ఎండలో గుడ్లు మిటకరించి, ఆమెనే చూసింది... ఒక్కసారి కూసింది...! దూరాన ఎక్కడో ఎండు ఉరుము ఉరిమింది.

కిష్టమ్మది పుప్పాలగూడ. ఆ వేసవి ప్రదర్శనలో నలుగురు చిత్రకారుల బొమ్మలు పెట్టారు. అందులో ఒకడు ఆమె ఒక్కగానొక్క కొడుకు సాయిచంద్. కిందటి ఎండాకాలంలో ఔటర్ రింగు రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. వాడు మిగిల్చి పోయిన ఆఖరి బొమ్మను చూడడానికే ఆమె వచ్చింది.

లోపల చలి... ఏసీ చలి కాదది. శవం పక్కన కూర్చుంటే ఎముకల్లోకి ఎక్కే చలి!

"వచ్చినవా అత్తమ్మా!" అంటూ కోడలు ప్రియదర్శిని ఎదురొచ్చింది. ఆమె కూడా బొమ్మలు వేస్తుంది. ఏడాదిలో సగం మనిషి అయిపోయింది. కళ్ల కింద మసి పూసినట్టు నలుపు. కానీ ఈరోజు ఆ కళ్లలో ఏదో వింత వెలుగు...

"ఇట్లయినవేంది బిడ్డా? తింటున్నవా లేదా?"

"తిండి సంగతి ఇడిసిపెట్టు. ఇయ్యాల ఆయన మాట ఇంటవ్ అత్తమ్మా. ఉదయ్ భాస్కర్ సార్ ఇనిపిస్తనన్నడు. నేను ఆ ముగ్గుల కూసుంటే చాలట."

"సచ్చినోళ్లు యాడ మాట్లాడుతరు బిడ్డా?"

"ఒక్కసారి... ఒక్క మాట ఇంటే నాకు చాలు. జర అడ్డం రాకు అత్తమ్మా... నీ కాళ్లు మొక్కుత."

కాళ్ల మీదికి వంగబోయిన కోడలిని కిష్టమ్మ లేవనెత్తింది. ఆ ఒక్క మాట కోసం ఏడాదిగా తానూ గోడలకు చెవులు ఆనించి కూర్చుంటోంది కదా...!

ఉదయ్ భాస్కర్ పెద్ద పేరున్న కళాకారుడు. సాయిచంద్‌కు గురువు లాంటివాడు. ఆనాడు పాడెకు భుజం కూడా పట్టాడు. చాలా ఏళ్లుగా అతని కుంచె ఎండిపోయిందని లోకం చెప్పుకునేది. అలాంటివాడు ఈ ఏడాదిలో గోడ నిండా బొమ్మలు వేశాడు! కిష్టమ్మ వాటి ముందుకు వెళ్లి చూసింది. ఆ గీత... ఆకు కొసను అలా చివరికి ఎత్తి వదిలెయ్యడం... అది తన కొడుకు చెయ్యి! అడ్డాల నాడు పలక మీద గీసినప్పటి నుంచి చూసిన చెయ్యి! చచ్చినవాడి చెయ్యి ఇంకొకడి బొమ్మల్లో ఎలా కదులుతోంది...?

హాలు నడుమ ఒక తాడు కట్టి ఉంది. తాడుకు అవతల పసుపు, కుంకుమ, బొగ్గుపొడితో భయంకరమైన ముగ్గు. చుట్టూ కోసిన నిమ్మకాయలు. నట్టనడుమ నల్లగుడ్డ మీద పుర్రె...! గోడకు అతికించిన అట్ట మీద దాని పేరు... 'ఆవాహన'.

"ఏవండీ, ఈ నిమ్మకాయలు మన స్కూటర్‌కి కట్టేవే కదూ? ఇది కూడా బొమ్మేనా?" అని గుసగుసలాడింది చూడడానికొచ్చిన ఒకావిడ. పేరు అమ్మణ్ణి.

"నువ్వు ఊరుకోవే. అర్థం కాకపోతేనే మోడర్న్ ఆర్టు. తలూపి సమోసా తినేసి పోదాం," అన్నాడు ఆమె భర్త చలపతిరావు.

విన్నవాళ్లంతా నవ్వారు. అది నిజమైన క్షుద్రపూజ అని, అందరి కళ్ల ముందు పట్టపగలు జరగబోతోందని ఒక్కరికీ తెలియదు! చీకట్లో చేస్తే జనం రాళ్లతో కొడతారు. గ్యాలరీలో చేస్తే చప్పట్లు కొడతారు. ఆ కిటుకు ఉదయ్ భాస్కర్‌కు బాగా తెలుసు...!

నల్లని బట్టల్లో వచ్చాడతను. ప్రియదర్శినిని చెయ్యి పట్టి ముగ్గులో కూర్చోబెట్టాడు. నూనె చాలా కొంచెంగా ఉన్న ప్రమిదను వెలిగించాడు. "ఓం... హ్రీం... క్రీం..." అతని గొంతులోంచి పాతాళంలో బండలు దొర్లినట్టు మంత్రం లేచింది. గాజు గోడల అవతల ఎండ చటుక్కున ఆరిపోయింది. దుమ్ము సుడి తిరిగి మేడలను మింగేసింది. ఫెళ్లుమని పిడుగు...!

ఆ మెరుపులో కిష్టమ్మ పుర్రె పళ్లను చూసింది.

పై వరుసలో ముందు పన్ను... సగానికి... ఏటవాలుగా విరిగి ఉంది. బడికి పోయే వయసులో బోరింగు చెయ్యి తగిలి విరిగిన పన్ను! ఆ పన్ను కనబడుతుందని నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు పిచ్చి తండ్రి...

"అయ్యో...! అది నా కొడుకు తలకాయ...! బొంద తవ్వి తెచ్చినవా ముండాకొడకా...!"

ఆమె తాడు తెంపుకుని ముగ్గు మీదికి ఉరికింది. కంటికి కనబడని గోడ ఏదో ఆమెను ఎత్తి విసిరేసింది! జనం చప్పట్లు కొట్టారు.

"ఆ పెద్దావిడ కూడా వీళ్ల మనిషేనండీ! ఎంత సహజంగా చేస్తోందో!" అన్నాడు చలపతిరావు.

అప్పుడు ప్రియదర్శిని తల వెనక్కి వాలింది. జుట్టు విడిపోయి నేలను ఊడ్చింది. కనుగుడ్లు పైకి తేలిపోయాయి. ఆ ఆడదాని నోట్లోంచి మగ గొంతు...!

"అమ్మా..."

కిష్టమ్మ నేల మీది నుంచి తల ఎత్తింది. అదే గొంతు! కొంచెం బొంగురు... కొంచెం గారం...

"అమ్మా... బరువైతుందే... నన్ను పండనిస్తలేడే... రాత్రీ పగలూ గియ్యమంటడే..."

ఉదయ్ భాస్కర్ కిష్టమ్మ పక్కన వంగాడు. చిరునవ్వు చెదరకుండా, ఎవరికీ వినబడకుండా, "చూడండమ్మా, ప్రమిదలో నూనె అయిపోయే లోపు మీ కోడలి ప్రాణం కూడా అయిపోతుంది. పెళ్లాం తోడుంటే మీవాడు నన్ను వదిలి ఎక్కడికీ పోడు. మీరు నోరు మూసుకుంటే ప్రతి అమావాస్యకీ వచ్చి కొడుకుతో మాట్లాడుకోవచ్చు. కాదంటారా, ఈ గొంతు మళ్లీ జన్మలో వినలేరు. కోడలిదేముందండీ... పరాయి పిల్లేగా!" అన్నాడు.

నిజం చెప్పుకోవాలి... కిష్టమ్మ ఊగిపోయింది. ప్రతి అమావాస్యకూ...! కొడుకు గొంతు...! కన్నపేగు 'సరే' అనడానికి నోటి దాకా వచ్చింది. ప్రమిద వైపు చూసింది. వత్తి చిటపటలాడుతోంది. ప్రియదర్శిని ముక్కులోంచి సన్నగా నెత్తురు...

"అమ్మా... నువ్వు మన్నెయ్యలే గదనే... గందుకే నేను ఈనికి దొరికిన్నే..."

కొరడాతో కొట్టినట్టయింది. ఆనాడు బొందలగడ్డలో సాయిచంద్‌ను పూడ్చేటప్పుడు అందరూ తలా పిడికెడు మన్ను వేశారు. "నువ్వు గూడ ఎయ్యి కిష్టమ్మా, తల్లి మన్ను పడాలె" అని కులపెద్దలు ఎంత చెప్పినా ఆమె వెయ్యలేదు. "నా బిడ్డ మీద నేను మన్నెట్ల పోస్తనయ్యా!" అని పిడికిలి బిగించుకుని వచ్చేసింది. తల్లి వదలని శవాన్నే ఈ ఉదయ్ భాస్కర్ వెతుక్కుంటూ వచ్చి పట్టుకున్నాడు...!

మన్ను... పిడికెడు మన్ను కావాలి!

కిష్టమ్మ పిచ్చిదానిలా లేచి పరుగెత్తింది. మూలనున్న పూలకుండీలో చెయ్యి పెట్టింది... ప్లాస్టిక్ చెట్టు, తెల్లని గులకరాళ్లు! తలుపు తోసుకుని బయటికి ఉరికింది... టైల్సు, సిమెంటు, తారు! ఊరంతా మన్నే ఉన్న చోట పుట్టిన మనిషికి ఇంత మేరలో పిడికెడు మన్ను దొరకలేదు! మళ్లీ లోపలికి వచ్చి పడింది. అక్కడ... ఎదురుగా... కొడుకు ఆఖరి బొమ్మ.

ఎర్రటి చెలక... వానకు పండే మెట్టచేను. గట్టు మీద సద్దిమూట నెత్తిన పెట్టుకుని నడిచివస్తున్న ఆడమనిషి. అది తనే. తమ చెలకలో అపార్ట్‌మెంట్ల పునాది తవ్వేనాడు, వాడు ఆ ఎర్రమన్నును సంచికి ఎత్తుకొచ్చి, తుమ్మబంకతో కలిపి ఈ బొమ్మంతా వేశాడు. కొడుకు చేతి గుర్తు ఆమెకు ఇదొక్కటే మిగిలింది...

"అమ్మా, ముట్టుకోవద్దు!" అని కావలివాడు అరిచాడు.

కిష్టమ్మ ఆ బొమ్మను కళ్లారా చూసింది. చెంప ఆనించింది. ముద్దు పెట్టుకుంది. ఆ తర్వాత గోళ్లు దింపి గీకింది...! చెలకను గీకలేదు. వాడు ప్రేమగా దిద్దిన తన ముఖాన్ని గీకింది, సద్దిమూటను గీకింది, కాళ్లను గీకింది. గోళ్లు విరిగి నెత్తురు కారింది. ఎర్రమన్ను పొరలు పొరలుగా ఊడి పిడికిలి నిండింది.

"ఆపండి! దాన్ని ఆపండి!" ఉదయ్ భాస్కర్ గొంతులో మొదటిసారి వణుకు...!

మన్ను పట్టిన ఆ చేతిని ముగ్గు ఆపలేకపోయింది. నిమ్మకాయలు టపటపా పగిలాయి. కిష్టమ్మ చతికిలబడి పుర్రెను ఒళ్లోకి తీసుకుంది, తలంటడానికి పసివాణ్ణి కాళ్ల మీద వేసుకున్నట్టు.

"తప్పు నాదే కొడుకా... నిన్ను ఇడువలేక పోయిన... ఇగ పండుకో బిడ్డా... పండుకో..."

పిడికిలి విప్పింది. మన్ను రాలింది.

భూమి కడుపులోంచి మూలుగు లేచింది...! ప్రమిద మంట నీలంగా నిలువెత్తున ఎగసి ఉదయ్ భాస్కర్ మీదికి మళ్లింది! "వద్దు... సాయీ... నీకు నేనే పేరు తెచ్చాను కదరా...!" అతని కుంచె పట్టే చెయ్యి ముందుగా ఎండింది. బీటలు వారింది. బీట భుజానికి, మెడకు, ముఖానికి పాకింది... ఎండిన చెరువు అడుగులా మనిషి మనిషంతా నెర్రెలు విచ్చి, ఒక్క కేకతో దుమ్మై కూలిపోయాడు! గోడ మీద అతని బొమ్మల్లోంచి గీతలన్నీ కారిపోయి ఉత్త తెల్లగుడ్డలు మిగిలాయి. అప్పుడు గాని జనానికి ఇది ఆట కాదని తెలియలేదు. కేకలు... తొక్కిసలాట... గాజు తలుపు భళ్లున పగిలింది...

హాలు ఖాళీ అయింది. బయట వాన మొదలైంది. పుర్రెను కొంగులో మూట కట్టుకుని కిష్టమ్మ కోడలి ముఖం మీద నీళ్లు చల్లింది. ప్రియదర్శిని కళ్లు తెరిచింది.

"వచ్చిండా అత్తమ్మా? ఆయన వచ్చిండా?"

"వచ్చిండు బిడ్డా. నీ నోట్లకెళ్లే మాట్లాడిండు."

"నాకేం ఇనబడలే..." ఆమె అత్త చెయ్యి పట్టుకుంది. "నా నోట్లకెళ్లి మాట్లాడి... నాకొక్కదానికే ఇనబడకుంట పోయిండా? ఏమన్నడు? నన్ను అడిగిండా?"

కొడుకు అమ్మా అన్నాడు. బరువన్నాడు. మన్నన్నాడు. పెళ్లాం పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. కిష్టమ్మ కోడలి జుట్టు మెల్లగా ముడి వేసింది.

"అడగకుంట ఎట్లుంటడు పిచ్చిదానా? నిన్నే అడిగిండు. తింటున్నదా అమ్మా అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"నేనున్న గద, నేను తినిపిస్త... నువ్వు ఫికర్ జెయ్యకు, పండుకో అన్న."